హుస్నాబాదాయన మాటలు

పోయినవారం మనం షహజాదీని అఫ్సర్ ఇంటి గడపలో నిలబెట్టి వచ్చేశాం. ఒక చెప్పు కాలికి ఉంది, రెండోది కనబడటం లేదు, కళ్ళనిండా నీళ్ళు. లోపల టీవీ ఇంకా నడుస్తూనే ఉంది. మద్రాసు నుంచి వచ్చిన తెలుగు డబ్బింగ్ కేసెట్టు అది. ఆదివారం మ్యాట్నీకి తన వీడియో హాల్లో వేసే ముందు ఒకసారి చూద్దామని అఫ్సర్ శనివారం సాయంత్రం ఇంట్లో పెట్టాడు. పిచ్చి డాక్టరు సినిమా. శవాలు తెప్పించుకుని కోసేవాడు, గాజు బుడ్లలో పచ్చరసాలు మరిగించేవాడు, ఉరుము ఉరిమితే నవ్వేవాడు. సిద్దిపేటలో ఆ సినిమా చూడనివాళ్ళు తక్కువ. దాంట్లో మాటలు విన్నవాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు. అది ఇంగ్లీషు సినిమా. టూరింగ్ టాకీసు రోజుల నుంచీ తెర పక్కన మైకు పట్టుకుని నిలబడి, బొమ్మ నడుస్తుంటే కథ చెబుతూ వచ్చింది లింగమూర్తి.

షహజాదీకి ఇరవై రెండేళ్ళు. పుట్టుకతో వీపు మీద గూని. టీచరు ట్రైనింగు మంచి మార్కులతో పూర్తిచేసింది. గురువారంనాడు హాస్టలున్న ఒక ప్రైవేటు బడిలో ఉద్యోగం అడగడానికి పోతే, ఆ బడి నడిపే ప్రమీలాదేవి సర్టిఫికెట్లన్నీ చూసి మెచ్చుకుని, చివర్న కళ్ళద్దాలు తుడుచుకుంటూ, "చిన్నపిల్లలు గదమ్మా, నిన్ను జూసి జడుసుకుంటరేమో. సోమవారం రా, ఆలోచించి చెప్త" అంది. ఇంకొకరైతే అక్కడే కుంగిపోయేవాళ్ళు. షహజాదీ కుంగలేదు. తొమ్మిదో ఏటినుంచీ ఆమెకు ఒక అండ ఉంది. ఆ సినిమాలోనే డాక్టరు దగ్గర నౌకరీ చేసే గూనివాడు. ఊరంతా ఆయన్ని హుస్నాబాదాయన అంటుంది. డాక్టరు బంధించిన పిల్లను, ప్రాణానికి తెగించి తలుపు తీసి వదిలిపెట్టిన మనిషి.

డబ్బింగులో ఆయన తలుపు తీశాడు. తీసి, ఆ పిల్లను జుట్టు పట్టుకుని డాక్టరు బల్ల దగ్గరికి ఈడ్చుకుపోయాడు.

అందుకే ఆ కన్నీళ్ళు. ఇక సోమవారం ప్రమీలాదేవి దగ్గరికి పోయేది లేదని షహజాదీ అక్కడికక్కడే తేల్చేసుకుంది. రెండో చెప్పు దొరకలేదు, అఫ్సర్ భార్య చెప్పులు వేసుకుని ఇంటికి పోయింది.

ఆదివారం పగటి అన్నాలయ్యాక ఆమె లింగమూర్తి ఇంటికి వచ్చింది. దండం లేదు, పలకరింపు లేదు. నేరుగా మగ్గం ముందుకు వచ్చి నిలబడింది.

"మామా, హుస్నాబాదాయన ఆ పిల్లను ఇడిచిపెట్టలే."

లింగమూర్తి చేతులు ఆగిపోయాయి. పోయిన చలికాలం ఆయన గొంతుకు ఆపరేషన్ అయింది. దవాఖాన నుంచి ప్రాణం వెనక్కి వచ్చింది గాని గొంతు రాలేదు. ఇప్పుడు ఆయన మాట్లాడితే పక్కన కూర్చున్నవాళ్ళకే వినబడుతుంది. మిగతావాళ్ళకు ఆయన భార్య పోశమ్మ గట్టిగా తిరిగి చెబుతుంది. నలభై ఏళ్ళు ఆయన మాట్లాడుతుంటే ఊరుకున్నందుకు ఇప్పుడు వడ్డీతో సహా వసూలు చేసుకుంటోందని ఇరుగుపొరుగు వేళాకోళం.

"ఏమంటున్నదే పిల్ల?" అంది పోశమ్మ చాట కిందపెట్టి.

"నిన్న డబ్బింగుల జూసిన మామా. జుట్టు వట్టి గుంజుకపోయిండు. డాక్టరు కొరడతోని కొడ్తె గా కొట్టినోని కాళ్ళే మొక్కిండు. ఆఖరికి మిద్దె మీదికెల్లి కిందవడి సచ్చిండు. వాడు సచ్చినందుకు సినిమాల అందరు సంతోషపడ్డరు." షహజాదీ ఊపిరి తీసుకుంది. "అఫ్సర్ భయ్యా కాడున్న కేసెట్లన్ని నిన్న రాత్రి యాది చేసుకున్న. ఒకదాంట్ల నౌకరు గూనోడు. ఒకదాంట్ల ఒంటి కన్నోడు. ఇంకోదాంట్ల నల్లగ ఆరడుగులున్నోడు, ఆనికి సినిమా మొత్తంల మాటనే లేదు. మరొకదాంట్ల తలకు రుమాలు సుట్టుకున్న సాయిబు, చేతుల కత్తి. పీనుగుల కోసేది డాక్టరు. ఆయన మాత్రం తెల్లకోటు ఏసుకోని నిటారుగ నిలవడ్తడు. ఆయనకు పిచ్చి లేస్తె, సదువు ఎక్కువైంది, పాపం అంటరు. మా అసొంటోళ్ళను పాపం అనేటోడు ఒక్కడు లేడు."

"కూసో బిడ్డా" అన్నాడు లింగమూర్తి.

"కూసో అంటుండు" అంది పోశమ్మ.

"కూసోను. నాకు పదమూడేండ్లు అబద్ధం చెప్పినవ్ మామా. గా అబద్ధం వట్టుకోనే బడికి పోయిన, ట్రైనింగుకు పోయిన. పోరగాళ్ళు ఎనకవడి నవ్వుతుంటే హుస్నాబాదాయనను తలుసుకోని నడిసిన. లేని మనిషిని తలుసుకున్ననా నేను?"

నిజం చెప్పాలంటే ఇక్కడ లింగమూర్తి ఏదో ఒక మాట చెప్పి తప్పించుకోవచ్చు. ఊరంతటికీ కథలు చెప్పి బతికినవాడికి ఒక ఆడపిల్లకు సర్దిచెప్పడం పెద్ద పని కాదు. ఆయన అట్లా చేయలేదు. మగ్గం గుంటలోంచి లేచి బయటికి వచ్చి, ఆమె ముందు నేల మీద కూర్చున్నాడు. అప్పుడు ఆమె కూడా కూర్చోక తప్పలేదు.

"మొదటి రోజు నేను అబద్ధం చెప్పలే బిడ్డా. ఉన్నదున్నట్టే చెప్పిన" అన్నాడు. ఈసారి పోశమ్మ అందుకోలేదు.

పంతొమ్మిది వందల డెబ్బై అయిదు ఎండాకాలం అది. హుస్నాబాద్‌లో ఆట ముగించుకున్న టూరింగ్ టాకీసు సిద్దిపేటలో టెంటు వేసింది. ఇంగ్లీషు సినిమా కాబట్టి కథ చెప్పడానికి ఒక మనిషి కావాలి. మైకు ముందు బెదరనివాడు ఎవడని అడిగితే జనం లింగమూర్తిని చూపించారు. ఆయనకు ఇంగ్లీషు రాదు. సినిమా వాళ్ళు చెప్పిన నాలుగు ముక్కలు విని, బొమ్మను రెండుసార్లు చూసి, మిగతాది తన నోటికి వదిలేశాడు.

"కొండ మీద గంత పెద్ద కోట కనవడంగనే గడీ అన్న. డాక్టరును దొర అన్న. జనానికి ఎంటనే సమజైంది. మా నాయిన గడీల ఎట్టి చేసిండు బిడ్డా. దొర కబురంపితే చేతుల ముద్ద ఇడిచి ఉరకాలె. పీనుగును మోసుక రమ్మంటే మోసుక రావాలె. దొర ముచ్చట చెప్పుటానికి నాకు ఇంగ్లీషెందుకు?" లింగమూర్తి ఆగి గొంతు సవరించుకున్నాడు. "గూనాయన కాడనే తప్పు చేసిన. ఆయనకు మాటల్లేవు. ఊకె తలూపుతడు. జనం ఆవులిస్తున్రు. నవ్వియ్యాలె గద అని మైకు వట్టుకోని నేను గూడ ఒంగి, కాలు ఈడ్సుకుంట తెర ముందట నడిసిన. టెంటంత ఒకటే నవ్వు. గా ఉషారుల ఆడోళ్ళ దిక్కు మర్లి సూసిన. అందరు నవ్వుతున్రు. ఒక్క తల్లి మాత్రం బిడ్డ మొకానికి కొంగు కప్పుతున్నది."

షహజాదీకి ఆ కొంగు గుర్తుంది. ఎర్రచుక్కల కొంగు, చెమట వాసన. బొమ్మ చూసి భయపడతావని కప్పానంది అమ్మీ. ఇన్నేళ్ళూ ఆమె అదే నమ్మింది.

"తెల్లారి మీ అమ్మ వచ్చింది" అన్నాడు లింగమూర్తి.

రబియాబీ అంటే బజారులో అందరికీ తెలుసు. ఇంటింటికీ తిరిగి పాతచీరలు తెచ్చి బొంతలు కుట్టేది. చనిపోయి రెండేళ్ళయింది. ఆమె ఎవరితోనూ గట్టిగా మాట్లాడినట్టు కూడా షహజాదీకి గుర్తులేదు.

"తిడ్తదనుకున్న. సంకల కుట్టే బొంత వట్టుకోని వచ్చి, గిదే జాగల కూసున్నది. 'భయ్యా, గా మనిషి ఏం మాట్లాడడా?' అని అడిగింది. లేదమ్మా, ఆయనకు మాటల్లేవు అన్న. 'మరి నోరైతే ఉన్నది గద, నేను చెప్త, నువ్వు అను' అన్నది."

"అమ్మీనా?" అంది షహజాదీ.

"ఆమెనే. పేరు పెట్టుడు కాడ పెద్ద పంచాయితి అయింది. సాయిబుల పేరు పెడ్తె మా పిల్లనే అంటరు భయ్యా అన్నది. మా సాలోళ్ళ పేరు పెడ్తె మావోళ్ళు నన్ను బతకనిస్తరా అన్న నేను. ఏ వాడ పేరు పెట్టినా ఆ వాడోళ్ళు లొల్లికి వస్తరు. రీళ్ళ డబ్బా మీద హుస్నాబాద్ అని రాసున్నది. ఆయనది హుస్నాబాద్ అందాం, గాడికెల్లి ఎవరు వచ్చి అడుగుతరు అని నవ్వింది."

తరువాత ఏమైందో తెలుసా? రెండేళ్ళ తరువాత హుస్నాబాద్ వాళ్ళు నిజంగానే బస్సెక్కి వచ్చారు. లొల్లికి కాదు, తమ ఊరివాడిని చూసుకోవడానికి. చూసి, ఈలలు వేసి, తృప్తిగా తిరిగిపోయారు.

"నాకు రాసుడు ఎక్కడిది? బట్టీ వట్టిచ్చింది" అన్నాడు లింగమూర్తి. "ఒక మాట తప్పుపోతె సూది ఆపి మళ్ళ మొదటికెల్లి అనిపిచ్చింది. ఇద్దరం ఒంటిగంట దాంక కూసున్నం."

"నేను చాయ్ పోసిన. మూడుసార్లు" అంది పోశమ్మ. ఆ వాటా వదులుకోవడానికి ఆమె సిద్ధంగా లేదు.

ఆ మాటలు సిద్దిపేటలో చిన్నపిల్లలకు కూడా వచ్చు. దొర ఆజ్ఞ ఇస్తాడు. గూనాయన మెట్లెక్కుతాడు. గొళ్ళెం తీస్తాడు. తెల్లగౌను వేసుకున్న పిల్ల నోరు తెరిచి అరుస్తుంది. అప్పుడు లింగమూర్తి గొంతు తగ్గించి, "బిడ్డా, జడుసుకోకు. నా వీపు గిట్లనే పుట్టింది. గది నా తప్పు గాదు, దాని తప్పు గాదు. నా మొకం సూడు. దొర నౌకర్నే గని దొర బుద్ధి నాకు లేదు. తలుపు తీసిన, పో. ఎవ్వలు నవ్వినా ఎనకకు సూడకు. బడికి పోవుడు మాత్రం బంద్ చెయ్యకు" అనేవాడు. అక్కడితో బొమ్మ ఆగిపోయేది. ఆఖరి రీలు ఎప్పుడో కాలిపోయింది, కాబట్టి పిల్ల తప్పించుకున్నట్టే లెక్క. తెరమీద ఉన్న ఆ దొరసానికి పాతికేళ్ళకు తక్కువుండవు. ఆమె మళ్ళీ బడికి ఎందుకు పోవాలని సిద్దిపేటలో ఎవరూ అడగలేదు. పైగా ఆ సినిమాలో బడి గురించి మంచి మాట ఉందని పిల్లలను వెంటబెట్టుకుని వచ్చేవాళ్ళు.

షహజాదీ అడగలేదు. ఆ ఎండాకాలం సెలవులయ్యాక, మానేసిన బడికి తనంతట తానే పలక పట్టుకుని పోయింది. ప్రతి ఏడూ టెంటు వచ్చినప్పుడల్లా అమ్మను బతిమాలి తీసుకుపోయేది. అమ్మకు సినిమాలంటే ఇష్టం లేదనీ తన పోరు పడలేక వస్తోందనీ అనుకునేది. ఇప్పుడు ఇంకొకటి గుర్తొస్తోంది. తలుపు తీసే చోటు రాగానే అమ్మీ కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. కొంగు వెనక పెదాలు కదిలేవి. దువా చదువుతోందనుకుంది షహజాదీ.

"నాకెందుకు చెప్పలే మామా అమ్మీ?"

"నేను గూడ అడిగిన. అమ్మ మాట ఏ బిడ్డ ఇంటది భయ్యా, సిన్మాల మాటయితే ఇంటది అన్నది. సచ్చేదాంక చెప్పొద్దని ఒట్టు వెట్టిచ్చుకున్నది. ఎవ్వలు సచ్చేదాంకనో చెప్పలే. గందుకే రెండేండ్లాయె, చెప్పాల్నా వద్దా అని కొట్టుకుంటున్న."

షహజాదీ ఏడ్చింది. నిన్నటి ఏడుపు కాదు ఇది. పోశమ్మ దగ్గరికి జరిగి వీపు మీద చెయ్యి వేసింది. గూని మీదే వేసింది, అందరూ తప్పించే చోట. అమ్మ పోయాక అక్కడ ఎవరూ చెయ్యి వేయలేదని షహజాదీకి అప్పుడు తెలిసింది. ఆ ముసలివాళ్ళిద్దరి మీద ఆమెకు చెప్పలేనంత ప్రేమ వచ్చింది.

"కొట్లాడదామని వచ్చిన మామా" అంది కళ్ళు తుడుచుకుని.

"కొట్లాడు. మొదాలు నవ్విచ్చింది నేనే గద."

"నవ్విచ్చింది నువ్వే. గా నవ్వు బంద్ చేసింది గూడ నువ్వే. అమ్మీ చెప్తె ఇన్నవ్ సూడు, ఎంతమంది ఇంటరు గట్ల? పదమూడేండ్ల సంది ఒక్క మాట పోనియ్యలే. నేను బతికినన్ని దినాలు యాదుంచుకుంట మామా. షుక్రియా. మీ ఇద్దరికి." ఆమె ఆయన చేతులు రెండూ పట్టుకుని కళ్ళకు అద్దుకుంది.

సరిగ్గా అప్పుడు అఫ్సర్ వచ్చిపడ్డాడు. రొప్పుతున్నాడు. చొక్కా గుండీ ఒకటి ఊడిపోయింది.

"మామా, జర నడువు. హాల్ల ఒకటే లొల్లి. టీవీ పలగ్గొట్టేటట్టున్నరు!"

"ఏమైందిరా?" అంది పోశమ్మ.

"కేసెట్టు డూప్లికేట్ అంటున్రు! హుస్నాబాదాయన తలుపు తీసి పిల్లను గుంజంగనే ఉప్పలయ్య తాత లేసిండు. గాయన గసొంటోడు గాదు, మద్రాసోళ్ళు కథ మార్చిన్రు, అసలు సిన్మా వేయరా అని కట్టె ఎత్తిండు. అందరు ఆయన దిక్కే. గిదే అసలుది తాతా అంటే నన్ను కొట్టవచ్చిన్రు. మామా, నువ్వొచ్చి చెప్తెనే కూసుంటరట."

లింగమూర్తి తన గొంతు మీద వేలు పెట్టి చూపించాడు. తరువాత అదే వేలు షహజాదీ వైపు చూపించాడు.

"నేనా?" అంది షహజాదీ. "గంతమంది ముందట నేను నిలవడుడు ఏంది మామా?"

"నీకు మాటలొచ్చు" అన్నాడాయన.

"నీకు మాటలొచ్చు అంటుండు" అంది పోశమ్మ, వీధి చివరికి వినబడేట్టు.

"ఇంకో ముచ్చట" అన్నాడు అఫ్సర్ తల గోక్కుంటూ. "ప్రమీలాదేవి మేడం గూడ ఉన్నది. గీ సిన్మాల బడి గురించి మంచిగ చెప్తరట గద అని హాస్టల్ పోరగాళ్ళను ఇరవై మందిని తీస్కవచ్చింది. గిదేనా మంచి అని నా దిక్కు కోపంగ సూస్తున్నది."

పిల్లలు జడుసుకుంటరేమో అన్న మనిషి ముందు, ఆ పిల్లల ముందే, షహజాదీ తెర పక్కన నిలబడాలి. ఒక్క పిల్ల జడుసుకుని ఏడ్చినా ప్రమీలాదేవి అన్నదే నిజమవుతుంది. ఏడవకపోతే? ఆమె అంతవరకు ఆలోచించలేదు. అమ్మ నేర్పిన మాటలు మద్రాసు కేసెట్టు పాలు కావడం ఆమెకు ఇష్టం లేదు, అంతే. లేచి నడిచింది. వెనకనుంచి ముసలివాళ్ళిద్దరూ బయల్దేరారు.

హాల్లో అడుగుపెట్టేసరికి బొమ్మను తలుపు దగ్గరికి వెనక్కి తిప్పి ఆపి ఉంచారు. టీవీలో హుస్నాబాదాయన గొళ్ళెం మీద చెయ్యి వేసి గీతలు గీతలుగా వణుకుతున్నాడు. ముందు చాపల మీద పిల్లలు, వెనక బెంచీల మీద పెద్దలు, గోడవారగా కుర్చీలో ప్రమీలాదేవి. షహజాదీ మైకు తీసుకుని టీవీ పక్కన నిలబడింది. పిల్లల చూపులు ఆమె మొహం మీదికి, వీపు మీదికి, టీవీలోని మనిషి మీదికి, మళ్ళీ ఆమె మీదికి తిరిగాయి. ఒక చిన్నపిల్ల పక్కపిల్ల చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఉప్పలయ్య కట్టె దించాడు.

అఫ్సర్ టీవీ గొంతు పూర్తిగా తగ్గించి బొమ్మ నడిపించాడు.

"బిడ్డా, జడుసుకోకు" అంది షహజాదీ. "నా వీపు గిట్లనే పుట్టింది..."

మూడో మాటకు ఉప్పలయ్య కలిశాడు. అయిదో మాటకు ఆడవాళ్ళ బెంచీలన్నీ కలిశాయి. బడికి పోవుడు మాత్రం బంద్ చెయ్యకు అనేసరికి పిల్లలు కూడా అంటున్నారు. పక్కపిల్ల చెయ్యి పట్టుకున్న చిన్నపిల్ల అందరికంటే గట్టిగా అంది. హాలంతా తన తల్లి మాటలు పలుకుతుంటే షహజాదీకి నిలబడ్డ నేల కూడా ముద్దొచ్చింది.

పిల్లను ఈడ్చుకుపోయే బొమ్మ ఆ హోరులోనే దాటిపోయింది. కాని కేసెట్టు అక్కడ ఆగలేదు. కాలిపోయిన రీలు దీంట్లో ఉంది. దొర మిద్దె మీదికి వచ్చాడు, చేతిలో కొరడా. హుస్నాబాదాయన గోడ అంచున నిలబడ్డాడు. అందరూ షహజాదీ వైపు చూశారు. రబియాబీ ఇక్కడికి ఏ మాటా చెప్పిపోలేదు.

"అక్కా, ఆయన సచ్చిపోతడా?" అని అడిగింది చిన్నపిల్ల.

షహజాదీ అఫ్సర్‌కు సైగ చేసింది. ఎత్తిన కొరడా గాలిలోనే ఆగిపోయింది. ఆమె టీవీకి వీపు తిప్పి, పిల్లల ముందుకు రెండడుగులు వచ్చింది. "గీడ ఆయనకు మాటల్లేవు. ఏమంటే బాగుంటదో మీరు చెప్పున్రి. చేతులెత్తున్రి, ఒక్కొక్కల్ను అడుగుత" అంది. అట్లా అనాలని ఆమె అనుకోలేదు, ట్రైనింగులో అలవాటైన మాట అది. చాపల మీద ఇరవై చేతులూ లేచాయి. ఎవరిని ముందు అడగాలా అని ఆమె అటూ ఇటూ చూసింది.

గోడవారగా ఇంకొక చెయ్యి లేచి ఉంది. కళ్ళద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకుని, బడిపిల్లలా చెయ్యెత్తుకుని కూర్చుంది ప్రమీలాదేవి.

"టీచరమ్మా, ముందుగాల నన్ను చెప్పనియ్యి" అంది.